గాదె పద్యానికి వన్స్ మోర్

గెడ్డవలస హైస్కూల్లో తెలుగు పీరియడ్ అంటే అందరికీ అలుసే. సిలబస్ మిగిలిపోయిందని లెక్కల మేష్టారు అడుగుతాడు. స్లిప్ టెస్టు పెట్టుకోవాలని సైన్సు మేడం అడుగుతుంది. వాళ్ళిద్దరూ అడగని రోజున హెడ్మాస్టరు నరసింగరావు గారే పిలిచి, "మీదేముందండీ ఉపేంద్ర గారూ, తెలుగే కదా, పిల్లలు ఇంట్లో చదివేసుకుంటారు" అని ఆ పీరియడ్ తీసుకెళ్ళి ఎవరి చేతిలోనో పెడతారు. ఉపేంద్ర పైకి నవ్వేసి ఇచ్చేస్తాడు. లోపల మాత్రం మండిపోతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మంట సాయంత్రం కాఫీతో చల్లారేది, ఇప్పుడు చల్లారడం మానేసింది.

పాఠం చెప్పడంలో అతనికో పద్ధతి ఉంది. పద్యం ముందు చెప్పడు. ముందు బోర్డు మీద సంవత్సరం వేస్తాడు. ఆ ఏడు ఎవరు ఏలేవారు, వానలు పడ్డాయా లేదా, జనం ఏం తిన్నారు, పొద్దుపోయాక ఏ దీపం వెలిగించుకున్నారు, ఇవన్నీ అయ్యాకే పుస్తకం తెరవమంటాడు. "పద్యం గాల్లోంచి ఊడిపడదర్రా, ఎవడి కడుపో కాలితేనే పుడుతుంది" అంటాడు. ఫోన్లలో రీళ్ళు చూసి చూసి దేనికీ ఆశ్చర్యపోవడం మానేసిన పిల్లలు కూడా ఆ కబుర్లు నోరు తెరుచుకుని వింటారు. పద్యం మొదలెట్టగానే మళ్ళీ ఆవులిస్తారనుకోండి, అది వేరే సంగతి.

ఆ ఏడు పదో తరగతి వాచకంలో ఒక పాత పద్యనాటకం నుంచి ఒక ఘట్టం పాఠంగా వచ్చింది. కరువులో బిడ్డని పోగొట్టుకున్న ఒక రైతు ఇల్లాలు ఆ బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కొలువుకూటానికి వచ్చి, ధాన్యం గాదె తలుపు తియ్యమని రాజుని అడుగుతుంది. అడిగేది ఒకే ఒక్క తేటగీతిలో.

గాదె నిండుగ నున్నది గాని తండ్రి
కడుపు నిండని బిడ్డకు కరవు తోడు
తలుపు తీయవ రాజేంద్ర తాళమేల
మట్టికిచ్చితి నా కన్న మాణికమ్ము

ఈ పాఠమంటే ఉపేంద్రకి ప్రాణం. ఎందుకంటే ఆ నాటకం ఇదే ఊళ్ళో ఆడారు. బడి వెనకాల విరిగిన బెంచీలు పడేసే పాత నాటకశాల ఉందే, అందులోనే. ఉపేంద్ర తాతగారు ఆ నాటకానికి హార్మోనియం వాయించారు. కాళ్ళతో తొక్కుతూ రెండు చేతులా వాయించే పెద్ద పెట్టె. ఆ రాత్రి కథని ఆయన బతికున్నన్నాళ్ళూ చెప్పారు, ఉపేంద్ర చిన్నప్పుడు ఒళ్ళో కూర్చుని విన్నాడు.

పాఠం చెప్పేరోజు బోర్డు మీద 1942 అని వేశాడు.

"ఏటి సార్ ఆ యేడు?" అన్నాడు వెనక బెంచీలోంచి చినబాబు. క్లాసులో అల్లరంతా వాడిదే, నవ్వంతా వాడిదే.

"యుద్ధం. రంగం మీద జపాను వాళ్ళు బాంబులేశారు. రంగం అంటే రంగూను. మన సిక్కోలు, విజయనగరం వైపు నుంచి ఇంటికొకరు అక్కడికి కూలికి పోయేవారు. అక్కణ్ణించే మనకి బియ్యం వచ్చేది. ఓడలు ఆగిపోయాయి. పోయినవాళ్ళలో కొందరు అడవుల్లో పడి నడిచొచ్చారు, కొందరు రాలేదు."

"మా ముత్తాత నడిసొచ్చేడంట సార్. కాళ్ళు పుండ్లయిపోనాయంట."

ఎవరూ నవ్వలేదు. ఉపేంద్రకి హాయిగా అనిపించింది, ఇవాళ క్లాసు తన చేతిలో ఉంది. ఇక దాచుకోకుండా తాతగారి కథంతా చెప్పేశాడు. అప్పట్లో ఆడవేషాలు మగపిల్లలే కట్టేవారు. ఈ ఇల్లాలి వేషం కట్టిన కుర్రాడి పేరు దాలయ్య. మీ ఈడువాడే. వాళ్ళ నాన్న రంగం వెళ్ళి తిరిగి రాలేదు. వేషం కడితే ఊరి జమీందారు దొరగారింట్లో ఒక పూట అన్నం పెడతామన్నారు, అందుకే కట్టాడు. అన్నం ఆట అయ్యాక పెడతారు, ముందు పెట్టరు.

"ముందు పెడితే ఏటవుద్ది సార్?" అంది రేఖ. మూడో బెంచీలో గోడపక్క కూర్చునే పిల్ల.

"తింటే గొంతు బరువెక్కుతుందనేవారమ్మా. పాడేవాళ్ళు పస్తుండాలని."

ఆ తరవాత వన్స్ మోర్ సంగతి చెప్పాడు. పద్యం బాగుంటే సభలోంచి ఎవరో ఒకరు వన్స్ మోర్ అని కేకేస్తారు. కేక పడితే నటుడు మళ్ళీ పాడి తీరాలి, కాదనే హక్కు లేదు. చచ్చి పడున్న పాత్రైనా సరే, లేచి పద్యం పాడి మళ్ళీ చచ్చిపోవాలి. క్లాసంతా పగలబడి నవ్వింది. నవ్వు తగ్గేదాకా ఆగి ఉపేంద్ర గొంతు తగ్గించాడు.

"దొరగారు ముందు వరసలో కూర్చుని వన్స్ మోర్ అన్నారు. దాలయ్య పాడాడు. మళ్ళీ అన్నారు. మళ్ళీ పాడాడు. ప్రతిసారీ పద్యం పైకెక్కిందిట. తాతగారు చెప్పేవారు, అలాంటి గొంతు మళ్ళీ పుట్టలేదని. దొరగారు కళ్ళు తుడుచుకున్నారు. గాదె తలుపు తియ్యమనే పద్యానికి ఏడ్చి ఏడ్చి వన్స్ మోర్ అన్నారు గానీ, తన గాదె తలుపు మాత్రం తియ్యలేదు. ఊరు ఊరంతా బయట పస్తులుంది."

"పిల్లడో?"

"వేదిక మీదే పడిపోయాడు. మరి లేవలేదు. నాటకం అక్కడితో ఆగిపోయింది. మంగళం కూడా పాడలేదు."

"మంగలం ఏటి సార్?"

"ఆట అయిపోయిందని చెప్పే పాటరా. హారతిచ్చి పాడతారు. అది విన్నాకే సభ లేవాలి."

"అయితే ఇంకా ఎవులూ లెగనేదేటి సార్, కూకునే ఉన్నారేటి?" అన్నాడు చినబాబు. మళ్ళీ నవ్వులు. ఉపేంద్ర కూడా నవ్వాడు.

అప్పుడు రేఖని లేపి పద్యం చదవమన్నాడు. చదవమంటే ఆ పిల్ల పాడింది. ఎవరూ నేర్పలేదు. వరి ఊడుపుల్లో వాళ్ళమ్మ పక్కన పాడుకున్న గొంతు, అంతే. నాలుగో పాదం దగ్గర గొంతు సన్నగా వణికి నిలబడేసరికి ఉపేంద్ర చేతిలో సుద్దముక్క విరిగిపోయింది. క్లాసంతా ఒక్కసారి వన్స్ మోర్ అని అరిచింది. అతని కళ్ళు తడిశాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన క్లాసులో దేన్నైనా ఇంకోసారి కావాలని అడిగినవాళ్ళు లేరు.

ఉపేంద్ర వాళ్ళది పాటలో బతికిన కుటుంబం. కోవెల్లో పొద్దున్నే కీర్తన పాడే కైంకర్యం తరతరాలుగా వాళ్ళదే. ఉపేంద్రకి వచ్చేసరికి గొంతు రాలేదు. తెలుగు పండితుడు కావడం కూడా ఆ బాధ మీదే అయ్యాడు. ఇప్పుడు రేఖ దొరికింది. విజయనగరంలో జిల్లా స్థాయి పద్యాల పోటీలున్నాయి, అందులో మొదటి బహుమతి వస్తే సంగీత కళాశాలలో సీటు సంగతి తను చూసుకుంటానని వాళ్ళమ్మ జగ్గమ్మతో చెప్పాడు. జగ్గమ్మ చేలో కోతకొడవలి పట్టుకుని నిలబడే వింది.

"మా గుంటకి ఆ గొంతొక్కటే ఉన్నాది మాస్టారు. ఇంకేటీ నేదు మా కాడ. జాగర్తగా సూడండి మరి."

"నా బిడ్డ కన్నా ఎక్కువగా చూస్తానమ్మా" అన్నాడు ఉపేంద్ర. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

తుపాను పట్టిన రోజులు. కళింగపట్నం దగ్గర తీరం దాటుతుందని టీవీలో చెబుతున్నారు. బడి విడిచిపెట్టేసరికే మబ్బు కమ్మి దీపాలు పెట్టే వేళలా ఉంది. ఉపేంద్ర నాటకశాల తాళం తీశాడు. ఆ కాలం తెలియాలంటే ఆ చోట నిలబడాలని అతని పట్టుదల. మధ్యాహ్నం భోజనం మానేసి రమ్మని రేఖకి పొద్దున్నే చెప్పాడు. ఆకలి అంటే ఏమిటో ఒంటికి తెలిస్తేనే పద్యం పండుతుందన్నాడు. పిల్ల మారుమాట్లాడకుండా మానేసింది. మేష్టారు చెప్పాక కాదనే పిల్ల కాదు.

లోపల గబ్బిలాల కంపు, తడిసిన సున్నం వాసన. పైకప్పు పెంకులు అక్కడక్కడా జారిపోయి సన్నగా చినుకు పడుతోంది. ఒక మూల విరిగిన బెంచీలు గుట్టగా ఉన్నాయి. మిగతా హాలంతా ఖాళీ నేల. వెనక గోడ దాకా చూపు ఆనడం లేదు, అక్కడ అప్పటికే చీకటి పేరుకుంది. వేదిక మాత్రం గట్టిగానే ఉంది, ఆ కాలం గచ్చు. దాని మీద రేఖని నిలబెట్టాడు. రాజు వేషానికి చినబాబుని పిలిచి ఎదురుగా, వేదిక కింద తనకి కొంచెం వెనకగా కుర్చీలో కూర్చోబెట్టాడు. జగ్గమ్మ గొడుగు ముడిచి గుమ్మంలో కూర్చుంది. ఒళ్ళో కూతురికి తెచ్చిన అన్నం గిన్నె, గుడ్డ మూట కట్టి ఉంది.

"ఒక ముద్ద తినేసి పాడకూడదేటి మాస్టారు?"

"అయ్యాక తింటుందిలేమ్మా. ఎంతసేపు" అన్నాడు ఉపేంద్ర.

ఫోన్లో శ్రుతి పెట్టాడు. తంబురా మోత సన్నగా హాలంతా నిండింది. రేఖ కళ్ళు మూసుకుని పద్యం అందుకుంది. బాగుంది. చాలా బాగుంది. కానీ ఇంకా పైన ఏదో ఉందని, ఆ పిల్ల దాని దాకా వెళ్ళకుండా ఆగిపోయిందని అతనికి తెలుస్తోంది. నాలుగో పాదం ముగిసింది. చినుకుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"వన్స్ మోర్."

వెనకనుంచి, మెల్లగా, ముద్దుగా. ఉపేంద్ర తిరక్కుండానే నవ్వుకున్నాడు. చినబాబు గాడు ఇవాళ గొంతు మార్చి మరీ అన్నాడు.

"విన్నావుగా. సభ అడిగింది. మళ్ళీ" అని ఫోన్ మీద వేలు పెట్టి శ్రుతి ఒక మెట్టు పెంచాడు.

రేఖ మళ్ళీ పాడింది. ఈసారి గొంతు పైకి వెళ్ళింది. ఆ వెళ్ళడంలో చిన్న నొప్పి వినిపించింది, ఆ నొప్పే పద్యానికి అందం తెచ్చింది.

"వన్స్ మోర్!"

ఈసారి రెండు గొంతులు. ఒకటి ముసలిది. ఉపేంద్ర చినబాబు వైపు చూశాడు. వాడు కుర్చీలో బిగుసుకుపోయి కూర్చున్నాడు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"నాను కాదు సార్..." అన్నాడు వేళ్ళ సందుల్లోంచి. "నానేటీ అన్నేదు. ఎనకమాల ఎవులో ఉన్నారు సార్..."

ఉపేంద్ర వెనక్కి తిరిగి చూశాడు. ఖాళీ నేల. దాని వెనక చీకటి. చీకట్లో ఎవరో తమలపాకు నములుతున్న వాసన. కిరసనాయిలు దీపం పొగ. మనుషుల చెమట, అత్తరు... ఈ వాసనలన్నీ తనకి తెలుసు. తాతగారి కథలో విన్నవే, క్లాసులో తనే చెప్పాడు.

అక్కడ ఆగిపోవాల్సింది. ఆగమని అతని ఒళ్ళంతా చెబుతోంది. కానీ రేఖ గొంతు ఇప్పుడు ఎక్కడుందో అతను విన్నాడు. పోటీలో ఎవరూ అందుకోలేని చోట ఉంది. ఇంకొక్క మెట్టు... తాతగారు చెప్పిన గొంతు అదే. ఈ పాడు ఊళ్ళో, తెలుగే కదా అని అందరూ తోసేసే బతుకులో, అతను ఒక్కసారైనా వినాలనుకున్న గొంతు అది. అడుగుతున్నదెవరైతే తనకేం? అడుగుతున్నారు కదా.

అతను మళ్ళీ శ్రుతి పెంచాడు.

"పాడమ్మా."

"సార్, గొంతు..." అంది రేఖ.

"పాడు. కాదనకూడదు."

పాడింది. వన్స్ మోర్ అని ఈసారి వరసలు వరసలుగా వచ్చింది. గాజులు కదిలిన చప్పుడు, దగ్గులు, ఎవరో పసిపిల్లని జోకొట్టడం. మళ్ళీ పాడింది. మధ్యలో ఊపిరి కూడా తీసుకోలేదు.

"సాలు మాస్టారు!" గుమ్మంలోంచి జగ్గమ్మ లేచింది. "మా గుంటకి గొంతు రాసుకుపోతన్నాది, ఇనబళ్ళేదేటి మీకు? ఒగ్గీండి!"

"ఒక్కసారమ్మా. ఇదే ఆఖరు" అన్నాడు ఉపేంద్ర. అన్నది తనేనా అని తనకే అనుమానం వచ్చింది.

రేఖ నోరు తెరిచింది. పద్యం వచ్చింది. కానీ అది ఇందాకటి గొంతు కాదు. గొంతు మారే ఈడు మగపిల్లవాడు ఆడగొంతుతో పాడితే ఎలా ఉంటుందో అలా ఉంది. సన్నగా, పదునుగా... తలుపు తీయవ... తలుపు తీయవ... అక్కడే తిరుగుతోంది. పిల్ల కళ్ళు తెరిచే ఉన్నాయి, భయంతో మేష్టారినే చూస్తున్నాయి. పెదవి చివర ఎర్రగా తడి.

ఉపేంద్రకి అప్పుడు తెలివొచ్చింది. ఫోన్ ఆపేశాడు.

శ్రుతి ఆగలేదు.

అది తంబురా కాదు. తిత్తి చిరిగిన హార్మోనియం బుసకొడుతూ మోగుతున్న శ్రుతి. వేదిక పక్కనుంచి వస్తోంది. అతను చూస్తుండగానే, అతని చెయ్యి పడకుండానే, మరో మెట్టు పెరిగింది. పిల్ల గొంతు దాని వెంట పైకి లేచింది. మెడ నరాలు ఉబ్బాయి.

"వన్స్ మోర్!"

జగ్గమ్మ గిన్నె పడేసి పరిగెత్తి కూతుర్ని రెండు చేతులా పట్టుకుని లాగింది. కదల్లేదు. చేలో బస్తాలు మోసే మనిషి, పిడికెడు పిల్లని కదపలేకపోయింది. చినబాబు కుర్చీలో ఏడుస్తున్నాడు. వాడూ లేవలేకపోతున్నాడు.

"ఏటి సేసేవురా నా గుంటకి?" అంది జగ్గమ్మ. మాస్టారు అనలేదు. మీరు అనలేదు. "ఆపు! ఎలగైనా ఆపు!"

మంగళం. మంగళం పాడలేదు. అందుకే ఎవరూ లేవలేదు.

ఉపేంద్ర వేదిక ఎక్కాడు. జేబులో అగ్గిపెట్టె లేదు, హారతి లేదు. ఫోన్ దీపం వెలిగించి దాన్నే అటూ ఇటూ తిప్పుతూ, కోవెల్లో నాన్న పాడే మంగళం ఎత్తుకున్నాడు. గొంతు లేనివాడి పాట. అపస్వరాలు, బొంగురు, మధ్యలో ఏడుపు. చిన్నప్పుడు ఆ గొంతు విని ఇంటిల్లిపాదీ నవ్వారు. ఇవాళ ఎవరూ నవ్వలేదు. చివరి చరణం దాకా పాడాడు.

ఫోన్ దీపం దించాడు.

తరవాత... చాలామంది ఒక్కసారి లేచిన చప్పుడు. బట్టలు దులుపుకోవడం. చాపలు చుట్టడం. పాదాలు... నెమ్మదిగా, ఒకరి వెనక ఒకరు, నేలని రాసుకుంటూ గుమ్మం వైపు. చల్లగాలి ఒక్కో మనిషంత వెడల్పున చెంపని తాకి వెళ్ళింది. జగ్గమ్మ కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని వేదిక అంచున కూర్చుండిపోయింది. ఎవరూ కనబడకపోయినా కాళ్ళు ముడుచుకుని దారిచ్చింది. పాదాలన్నీ వెళ్ళిపోయాయి. శ్రుతి ఒక్కటి ఇంకొంచెంసేపు ఉండిపోయి, అదీ ఆగింది. అప్పుడు గానీ బయట వాన చప్పుడు మళ్ళీ వినబడలేదు.

సొమ్మసిల్లిన రేఖ కళ్ళు తెరిచింది. అమ్మని చూసింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు.

ఆ రోజూ రాలేదు, తరవాతా రాలేదు. విజయనగరంలో పెద్ద డాక్టరు గొంతులోకి గొట్టం దింపి చూసి అంతా శుభ్రంగానే ఉందన్నాడు. భయపడి ఉంటుంది, అదే వస్తుందన్నాడు. పోటీలు జరిగిపోయాయి. ఎవరో పిల్లకి బహుమతి వచ్చింది. నరసింగరావు గారు నాటకశాలకి కొత్త తాళం వేయించి, "ఈ చరిత్రలూ గిరిత్రలూ మనకెందుకండీ, ప్రశ్నా జవాబూ చెప్పండి చాలు" అన్నారు. ఆ మర్నాటి నుంచి ఉపేంద్ర అలాగే చెబుతున్నాడు. బోర్డు మీద సంవత్సరం వెయ్యడం లేదు. చినబాబు తెలుగు పీరియడ్లో తలెత్తడు. రేఖ బెంచీలో గోడపక్క చోటు ఖాళీగానే ఉంచారు పిల్లలు.

జగ్గమ్మ బడికి రాలేదు. గొడవ చెయ్యలేదు. ఎవరితోనూ చెప్పలేదు. తిట్టినా బాగుండునని ఉపేంద్ర అనుకున్నాడు. తిడితే కాళ్ళ మీద పడేవాడు. ఆ వీధిలోకి వెళ్ళడానికి అతనికి ధైర్యం చాల్లేదు. కోతలు అయిపోయి నూర్పులు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, ఎండ బాగా ఉన్నప్పుడు వెళ్ళాడు.

జగ్గమ్మ వాకిట్లో వడ్లు ఎండబోస్తోంది. అతన్ని చూసి లేచి కొంగు సర్దుకుంది. "రండి మాస్టారు" అంది, మళ్ళీ మాస్టారనే అంది. ఆ మర్యాద అతనికి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"ఏటీ మాటాడదు" అంది. "ఏటి కావాలో కూడా సెప్పదు. నాను దాని మొకం సూసి కనుక్కోవాల. ఒక్క మాట... అమ్మా అని ఒక్క మాట ఇంటే సాలు నాకు. పాటలొద్దు, సదువులొద్దు."

రేఖ అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుంది. ఎండలో ఉంది, జుట్టు దువ్వి జడ వేసి ఉంది, బాగానే ఉన్నట్టుంది. ఉపేంద్ర ఎదురుగా పీట మీద కూర్చున్నాడు. ఏం మాట్లాడాలో దారంతా అనుకుంటూ వచ్చాడు.

"తప్పయిపోయిందమ్మా" అన్నాడు. "నీ గొంతు నేనే తినేశాను. నువ్వు వద్దంటున్నా..."

రేఖ ముందుకి వంగింది. అతని చెవి దగ్గరికి నోరు తెచ్చింది. ఊపిరి చల్లగా తగిలింది. గొంతు వచ్చింది. కీచుగా, అలిసిపోయి, వినయంగా... పెద్దవాళ్ళని బతిమాలుకునే మగపిల్లవాడి గొంతు.

"వేంకటాచలం గారూ... మీరయినా ఒక సుతి తగ్గించండి బాబూ. ఆ రాత్రి నుండీ అడుగుతన్నాను. అందట్నేదు."

వేంకటాచలం అతని తాతగారు. ఆ పేరు అతను క్లాసులో ఏనాడూ చెప్పలేదు. ప్రతిసారీ పద్యం పైకెక్కిందని తాతగారు చెప్పేవారు. ఎక్కించిందెవరో చెప్పలేదు.

"ఏటన్నాది? ఏటో అన్నాది!" జగ్గమ్మ చేతిలో చేట పడేసి వచ్చేసింది. ముఖమంతా వెలిగిపోతోంది. "మాటాడింది కదా మాస్టారు? నాను సూసేను, నోరు కదిలింది. ఏటన్నాది?"

"మంచినీళ్ళు అడిగింది" అన్నాడు ఉపేంద్ర.

"నీల్లడిగిందా! నా తల్లే! మాటొచ్చీసింది!" జగ్గమ్మ ఏడుస్తూ నవ్వుతూ లోపలికి పరిగెత్తింది. లోపల బిందె మూత తీసిన చప్పుడు, చెంబు ముంచిన చప్పుడు వినిపించాయి.

రేఖ అతని ముఖం చూడడం లేదు. అతని కాళ్ళ వైపు చూస్తోంది, శ్రుతి ఇస్తే అందుకుందామని కాచుకున్నట్టు. ఉపేంద్ర తలొంచి చూసుకున్నాడు. జన్మలో హార్మోనియం ముట్టుకోనివాడు. అతని రెండు పాదాలూ మట్టినేల మీద ఒకదాని తరవాత ఒకటి, కుడి ఎడమ, కుడి ఎడమ, నెమ్మదిగా తొక్కుతున్నాయి. ఆపుదామని చూశాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టి గట్టిగా అదిమాడు.

పాదాలు ఇంకాస్త వేగంగా తొక్కసాగాయి.